ఊపిరి గుర్తు చేసిన రోజులు

ముందే చెప్పేస్తాను: మా పాప బతికింది. బాగుంది. నేను ఇది రాస్తుంటే పక్క గదిలో నాయినమ్మ మీద అరుస్తోంది. ఈ సంగతి మొదట్లోనే ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి రాతలను ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లో చదివేవాళ్లు ఉంటారు. నేనూ అలాగే చదివాను. చివరికి ఏమవుతుందో అన్న భయంతో చాలావాటిని సగంలోనే ఆపేశాను. మీరు దీన్ని ఆపనక్కర్లేదు.

నేను పాలకుర్తి దగ్గర ఒక ఊళ్లో సర్కారు బడి టీచర్ని. మా ఆయన సదానందం భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పని చేస్తాడు. భూమి లోపలికి దిగి చేసే పని. ఉద్యోగాలు చెరో చోట కాబట్టి వారానికొకసారి కలుసుకునేవాళ్లం. మా అమ్మగారిది మహబూబాబాద్ జిల్లాలో నెల్లికుదురు. దసరా వెళ్లాక సెలవు పెట్టి, కాన్పుకు అక్కడికి వెళ్లాలనుకున్నాను. ఇదంతా జరిగేనాటికి నాకు ముప్ఫై వారాలు. తొలి కాన్పు.

దసరా సెలవులకు ముందు, బడి చివరి రోజు. పిల్లలు తంగేడు, గునుగు, బంతి మోపులు మోపులుగా తెచ్చారు. మర్నాడే పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ కాబట్టి బడిలో ఆ రోజే ఆడిస్తున్నాం. నేను కుర్చీలో కూర్చుని గునుగు పూలకు రంగులు అద్దిస్తున్నాను. పొద్దున్నుంచి నడుము నొప్పి వచ్చి పోతోంది, మళ్లీ వస్తోంది. ఎక్కువసేపు కూర్చున్నందుకేలే అనుకున్నాను. పిల్లల ఆట అయిపోనీ, అప్పుడు చూద్దామనుకున్నాను. కడుపుతో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: నొప్పి అలా వచ్చి పోతుంటే ఏ ఆట అయిపోయేదాకా కూడా ఆగకండి.

నా కుర్చీ కింద నేల తడిసింది. నాతో పనిచేసే పద్మ టీచర్ అది చూసి, పిల్లలను వెనక్కి పంపి, నా రెండు భుజాలూ పట్టుకుంది.

"రజితా, లెవ్వకు. అట్లనే ఉండు. నూట ఎనిమిదికి ఫోన్ జేసిన, వస్తున్నది."

"పద్మక్కా, ఇంక రెండు నెలల పైన ఉన్నది గదా!"

"ఉంటే ఉండనియ్. దవాఖానల సూసుకుంటరు. నువ్వు నా దిక్కు సూడు."

జనగామ పెద్ద దవాఖానకు చేరిన రెండు గంటల్లో పాప పుట్టింది. ఎక్కడో దూరంగా తలుపు తీసినట్టు సన్నగా కిర్రుమంది. అంతే. ఒక నర్సు పాపను నా ముఖం దగ్గరికి తెచ్చి, "ఆడపిల్ల, కిలో నూట ఎనభై గ్రాములు" అని చెప్పి వెంటనే తీసుకుపోయింది. నేను చూసింది ఒక చెవి, చిన్న భుజం. చెవి ఇంకా మెత్తగా, మడత పడి ఉంది.

సదానందం అప్పుడు మొదటి షిఫ్టులో బాయి లోపల ఉన్నాడు. అక్కడ ఫోన్లు ఉండవు. పద్మక్క బాయి ఆఫీసు నంబరు ఎట్లాగో సంపాదించి కబురు పెట్టింది. షిఫ్టు అయ్యి పైకి వస్తుంటే ఎవరో "నీకు బిడ్డ పుట్టిందట" అని నవ్వుతూ చెప్పారట. నెలలు లెక్కపెట్టుకుని అక్కడి నుంచే పరుగు తీశాడట. పొద్దు గూకే వేళకు బండి మీద జనగామకు వచ్చాడు. స్నానం చేశాడు గానీ కళ్ల అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలే ఉంది. నన్ను చూసి అడిగిన మొదటి మాట ఇది:

"గాలి మంచిగ ఆడుతున్నదా పాపకు?"

భూమి లోపల పనిచేసే మనిషి. అతనికి అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది గాలే.

* * *

మొదటి మూడు రోజులూ పాపను అద్దం అవతలి నుంచే చూశాం. ముక్కుకు గొట్టాలు, పాదానికి ఎర్రగా వెలిగే చిన్న దీపం, తలకు టోపీ. ఆ టోపీ కూడా పెద్దదై కళ్ల మీదికి జారేది. మంచానికి నా పేరుతో ఒక చీటీ కట్టి ఉంది: రజిత పాప. బరువు తగ్గుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా కిలో అరవైకి దిగినప్పుడు, ఆ తగ్గినదంతా నా ఒంట్లోంచే కోసి తీసినట్టు అనిపించింది.

నాకు వాళ్లు అప్పగించిన పని ఒక్కటే. రెండు గంటలకొకసారి పాలు పిండి ఇవ్వడం. మొదటిసారి అరగంట కూర్చుంటే చెంచా అడుగు తడిసింది. సిగ్గుతో ఆ గిన్నెను చేత్తో కప్పి తీసుకువెళ్లాను. లోపలి వార్డు చూసే సునీత సిస్టర్ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"గివి సాలమ్మా. మీ బిడ్డెకు గియ్యాల గింతే కావాలె. రేపు ఇంక జరంత దే."

ఆ గిన్నెను ఆవిడ రెండు చేతులతో పట్టుకుని లోపలికి తీసుకువెళ్లింది. మళ్లీ రెండు గంటలకు పాలు ఇవ్వాలనే ధైర్యం నాకు అక్కడ వచ్చింది.

తల్లులు ఉండే గదిలో నా పక్క మంచం షాహీన్‌ది. మహబూబాబాద్ అమ్మాయి. ఆమె కొడుకు మా పాపకంటే పన్నెండు రోజుల ముందు పుట్టాడు. ఆమె నాకంటే చిన్నది గానీ ఆ గదిలో మా అందరికీ పెద్ద. ఏ యంత్రం ఎందుకు కూస్తుందో, ఏ డాక్టరు ఎప్పుడొస్తారో అన్నీ తెలుసు.

"అక్కా, ఆ చప్పుడుకు పరేషాన్ గాకు. వైరు జారితె గూడ కూస్తది. సిస్టర్ ఉరికితేనే భయపడాలె. మెల్లగ నడుస్తుంటె ఏం లేదు."

ఆ తర్వాత నేను యంత్రాలను వినడం మానేసి సిస్టర్ల కాళ్లనే చూసేదాన్ని.

బయట లోకమంతా పండుగలో ఉంది. సాయంత్రం అయ్యేసరికి పక్క కాలనీలోంచి చప్పట్లు, పాటలు వినిపించేవి. సెలవుల వల్ల దవాఖాన సగం ఖాళీ అయింది. గదిలో మిగిలినవాళ్లం తలకు బట్ట కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, గిన్నెలు చేతిలో పట్టుకుని కూర్చున్న ఆరుగురం.

ఇంట్లోవాళ్లతో గొడవ అప్పుడే మొదలైంది. అమ్మ నన్ను నెల్లికుదురు తీసుకుపోతానంది.

"పచ్చి బాలింతవు. గీ దవాఖాన మంచం మీద ఎట్ల పండుకుంటవే? పాపను వాళ్లు సూసుకుంటరు. నువ్వు పది దినాలు ఇంటికాడ నడుం వాల్చి రా."

"నేను పోతె పాలెవరిస్తరు అవ్వా?"

"నువ్వు మంచిగుంటెనే గదా పాలు!"

"నేను రాను."

అమ్మ రెండు పూటలు నాతో మాట్లాడలేదు. అలిగి కూడా ఇంటికి పోలేదు. వరండాలో చాప పరుచుకుని అక్కడే ఉంది.

మా అత్తమ్మ లచ్చమ్మ భూపాలపల్లి నుంచి ఫోన్ చేసింది. దవాఖానకు రాలేదు. "బిడ్డా, గంత సన్నగ పుట్టినయంటె నిలుస్తయని చెప్పలేం. ఎక్కువ ఆశ వెట్టుకోకు. నువ్వు మంచిగుండు సాలు" అంది. నేను ఫోన్ పెట్టేసి సదానందం వైపు చూశాను. అతను తల దించుకున్నాడు. ఆ రోజు నాకు వాళ్లమ్మ మీద వచ్చిన కోపం ఇంకెవరి మీదా ఎప్పుడూ రాలేదు.

సదానందం సెలవు పెట్టి అక్కడే ఉన్నాడు గానీ పాపను ముట్టుకోలేదు. నాలుగో రోజు మమ్మల్ని ఒక్కొక్కరిని లోపలికి రానిచ్చినప్పుడు నేను వేలితో పాప చేతిని తాకాను. అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "నావి బండ చేతులు" అన్నాడు. యంత్రం మీద అంకెల గురించి మాత్రం డాక్టరమ్మను ఎన్నో అడిగేవాడు. గాలి ఎంత పోతోంది, ఎంత తగ్గించారు, ఎప్పుడు తీసేస్తారు అని. డాక్టరమ్మ ఒకసారి నవ్వి, "నువ్వు నాతోపాటు రౌండ్స్‌కు రావయ్యా" అంది.

* * *

ఏడో రోజు పాప పొట్ట ఉబ్బింది. పాలు ఆపేశారు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉందని, మందులు మారుస్తున్నామని చెప్పారు. ఆ మధ్యాహ్నం సునీత సిస్టర్ ఉరకడం నేను కళ్లారా చూశాను.

పాప ఊపిరి తీయడం మానేసింది. నెలలు నిండని పిల్లలు అలా మరిచిపోతారట. రంగు మారుతుంటే సిస్టర్ పాదం అడుగున వేలితో టపటపా తట్టింది. "ఊపిరి తీస్కో తల్లీ. మరిసిపోకు. తీస్కో." పక్కటెముకలు ఒక్కసారి లేచాయి. మళ్లీ రంగు వచ్చింది. గోడ పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

ఆ రోజు అలా నాలుగుసార్లు అయింది. మర్నాడు ఆరుసార్లు.

ఆ పై రోజు సద్దుల బతుకమ్మ, పండుగలో ఆఖరి రోజు. సిస్టర్ ఇల్లు తొర్రూరు దగ్గర. ఇద్దరు ఆడపిల్లలు. "అమ్మా, బతుకమ్మ పేర్సినం, ఎప్పుడొస్తవ్" అని ఫోన్ చేస్తున్నారు. డ్యూటీ మధ్యాహ్నానికే అయిపోయింది. సిస్టర్ పర్సు భుజానికి వేసుకుంది, మా పాప మంచం వైపు చూసింది, మళ్లీ పర్సు తీసి బల్ల కింద పెట్టింది. ఫోన్‌లో పిల్లలతో, "మీరు ఆడుండ్రి బిడ్డా, నేను జర ఆగొస్త" అంది. తర్వాత నన్ను లోపలికి పిలిచింది.

"నువ్వు గూడ నేర్సుకో. నేనొక్కదాన్ని ఎన్ని మంచాలకాడికని ఉరుకుత? ఇగో, గిట్ల. గట్టిగ గాదు, మెత్తగ గూడ గాదు."

సాయంత్రం నాలుగింటికి అంకెలు పడిపోవడం మొదలైంది. సిస్టర్ నా పక్కనే నిలబడింది గానీ చెయ్యి పెట్టలేదు. "నువ్వే" అంది. నేను పాప పాదం మీద తట్టాను. ఏం కాలేదు. మళ్లీ తట్టాను. "తీస్కో బిడ్డా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పాప ఎద లేచింది. అంకెలు ఒకటొకటిగా పైకెక్కాయి. ఎనభై అయిదు, తొంభై, తొంభై నాలుగు. ఆమె నా వేలి మాట విని ఊపిరి తీసింది. కాన్పు అయిన తొమ్మిది రోజుల తర్వాత, ఆ క్షణాన నేను తల్లినయ్యాను.

బయటికి వచ్చేసరికి ఆకలితో కళ్లు తిరిగాయి. పండుగని క్యాంటీన్ మూసేశారు. షాహీన్ వాళ్లమ్మ మహబూబాబాద్ నుంచి ఖిచ్డీ, ఖట్టా తెచ్చింది. సగం మా ముందు పెట్టింది. మా అమ్మ ఖట్టా గిన్నెను చటుక్కున లాక్కుంది. "బాలింత పులుపు తినొద్దు" అని నాకు ఉత్త ఖిచ్డీ పెట్టి, ఆ ఖట్టా మొత్తం తానే తాగింది. "ఏమేసి చేసిన్రు చెల్లే?" అని షాహీన్ వాళ్లమ్మను అడిగి, చింతపండు, నువ్వుల లెక్క అంతా చెప్పించుకుంది. పాప పుట్టాక నేను మొదటిసారి నవ్వింది అప్పుడే.

* * *

దసరా నాటికి పాప పొట్ట తగ్గింది. పాలు మళ్లీ మొదలుపెట్టారు, గొట్టంతోనే. డాక్టరమ్మ, "ఇక ఎదకు ఆనించుకుని పట్టుకోవచ్చు. కంగారూ పిల్లను పొట్టకు పెట్టుకున్నట్టు. ఒంటి వెచ్చదనం తగిలితే ఊపిరి కూడా సర్దుకుంటుంది" అంది. నేను ఆ మాట కోసం పదకొండు రోజులుగా ఎదురుచూస్తున్నాను. సరిగ్గా ఆ రోజే నాకు రొమ్ములు గడ్డకట్టి, చలితో జ్వరం వచ్చింది. జ్వరం ఉన్నవాళ్లను లోపలికి రానివ్వరు.

"నాయిన లేడా?" అంది సునీత సిస్టర్.

సదానందం బిత్తరపోయాడు. "నేనా? నా చేతులు సూసిన్రా సిస్టరమ్మా?"

"చేతులతోటి పనేముంది? ఎద గావాలె. అంగీ ఇప్పి, చేతులు కడుక్కొని రా."

మూడుసార్లు కడుక్కున్నాడు. నేను అద్దం అవతల దుప్పటి కప్పుకుని చూస్తున్నాను. కుర్చీలో వెనక్కి వాలాడు. అతని ఎద మీద ఒక నీలం గీత ఉంటుంది. ఎప్పుడో బొగ్గు పెళ్ల తగిలి, పొడి చర్మం లోపలే ఉండిపోయిన గుర్తు. సిస్టర్ పాపను తెచ్చి సరిగ్గా దాని మీద బోర్లా పడుకోబెట్టి, చుట్టూ బట్ట కట్టింది. అతను ఊపిరి బిగబట్టాడు.

"ఓ నాయినా, నువ్వు ఊపిరి తియ్యాలె. నిన్ను సూసే అది నేర్సుకునేది!" అంది సిస్టర్.

అతను మెల్లగా ఊపిరి తీశాడు. పాప అతనితోపాటు పైకి లేచింది, దిగింది. కాసేపటికి ఒక చెయ్యి వచ్చి ఆమె వీపు మీద ఆగింది. అంతవరకూ వెనక్కి కట్టుకున్న ఆ బండ చెయ్యే. రెండు గంటలు అతను కదల్లేదు. ఆ రెండు గంటల్లో పాప ఒక్కసారి కూడా ఊపిరి మరవలేదు.

మర్నాడు పొద్దున అత్తమ్మ వచ్చింది. కొంగున జమ్మి ఆకు కట్టుకుని, చెప్పకుండా వచ్చింది. అప్పటికే సదానందం లోపల పాపతో ఉన్నాడు. ఆవిడ అద్దం దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. మగవాడు ఈ పనేమిటని అంటుందని నేను గట్టి జవాబు ఒకటి సిద్ధం చేసుకున్నాను. ఆవిడ నా వైపు తిరగకుండానే అంది:

"నాకు తొల్సూరు బిడ్డ గింతే ఉండె."

ఆ సంగతి నాకు తెలియదు. సదానందానికీ తెలియదట.

"ఇంట్లనే పుట్టింది. బతకదని దూదిల సుట్టి పక్కకు వెట్టిన్రు. ఎత్తుకుంట అన్న. ఎత్తుకుంటె ఇడ్వలేవు, ఎత్తుకోకు అన్నరు. రెండు దినాలు ఉన్నది. నేను ఒక్కపారన్న ఎత్తుకోలే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అందుకే బిడ్డా, నీకు గట్ల జెప్పిన. నాలెక్క నువ్వు గావొద్దని."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి ఆవిడ చాలా చిన్న గొంతుతో, "సిస్టరమ్మను అడుగు. నేను గూడ ఎత్తుకోవచ్చునా అని" అంది.

సిస్టర్ ఒప్పుకుంది. గోళ్లు తీయించి, గాజులు విప్పించి, చేతులు కడిగించి కూర్చోబెట్టింది. పాపను ఎద మీద పెట్టగానే అత్తమ్మ కళ్లు మూసుకుంది. సమయం అయిపోయిందని సిస్టర్ వస్తే, "ఇంక జరసేపు" అంది.

నా జ్వరం తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ తండ్రి, నాయినమ్మ వంతులు వేసుకున్నారు. తర్వాత నేను, మా అమ్మ కూడా చేరాం. వంతుల కోసం మా అమ్మకూ అత్తమ్మకూ వరండాలో గొడవలు జరిగేవి. "నువ్వు పొద్దుగాల రెండు గంటలు ఎత్తుకుంటివి గదా వదినా!" అని అమ్మ అంటే, "నువ్వు నిన్న మాపటీలి ఎక్కువ ఎత్తుకోలేదా?" అని అత్తమ్మ. ఆ గొడవలు నాకు పండుగ పాటల్లా వినిపించేవి.

ఇరవై ఒకటో రోజు అత్తమ్మ పాప చెవిలో పేరు చెప్పింది. సారిక. ఇంటికి వెళ్లాక పెట్టుకుందామని అమ్మ అంటే, "ఇంటికి పోయేదే గదా. పేరుతోటే తోల్కపోదాం" అంది. సిస్టర్ మంచానికి కట్టిన చీటీ మార్చి రాసింది.

* * *

ఆ తర్వాత రోజులన్నీ గ్రాముల్లో నడిచాయి. పొద్దున తూకం. ఇరవై పెరిగితే వరండా అంతా తెలిసిపోయేది. గొట్టం తీసి ఉగ్గుగిన్నెతో పట్టడం మొదలుపెట్టారు. ఒకరోజు సారిక నా రొమ్ము పట్టుకుని నాలుగు గుటకలు తాగి, అలసిపోయి నిద్రపోయింది. నేను ఆ నాలుగు గుటకలనూ సదానందానికి ఫోన్ చేసి చెప్పాను. అప్పటికి అతను మళ్లీ డ్యూటీలో చేరాడు. బాయిలోకి దిగకముందు ఒకసారి, పైకి వచ్చాక ఒకసారి ఫోన్ చేసేవాడు.

షాహీన్ కొడుకును దీపావళికి వారం ముందు ఇంటికి పంపారు. పోతూ పోతూ మంచం మంచం దగ్గరికీ వెళ్లి కొత్తగా వచ్చిన తల్లులకు సిస్టర్ల నడక సంగతి చెప్పింది. నన్ను కావలించుకుని, "నీ వంతు గూడ వస్తది అక్కా. జర ఓపిక వట్టు" అంది. ఆమె వెళ్లాక ఆ పక్క మంచం వైపు రెండు రోజులు చూడలేకపోయాను.

దీపావళి వెళ్లిన ఆరో రోజు, కిలో ఆరు వందల గ్రాముల మా సారికను డాక్టరమ్మ నా చేతుల్లో పెట్టింది. కంటి పరీక్ష బాగుందని చెప్పింది. వాడిన మందుల వల్ల వినికిడి మాత్రం మూడు నెలలయ్యాక ఒకసారి పరీక్షించాలంది. ఇంటికి పోయే సంతోషంలో ఆ ఒక్క మాట ముల్లులా దిగింది. నెల్లికుదురుకా, భూపాలపల్లికా అన్న గొడవ పెద్దవాళ్లు అప్పటికే తేల్చేసుకున్నారు. అందరం నెల్లికుదురే. అత్తమ్మ కూడా మూట సర్దుకుని వచ్చేసింది.

ఆ మూడు నెలలూ ఇంట్లో ఎవరి చేతిలోంచి గిన్నె జారినా నేను పాప ముఖం చూసేదాన్ని. ఉలిక్కిపడిందా, లేక ఊరికే కదిలిందా? ఎవరికీ చెప్పలేదు. తర్వాత తెలిసింది, సదానందం కూడా అదే పని చేసేవాడట.

పరీక్ష రోజు అందరం వెళ్లాం. సారిక చెవుల్లో చిన్న గొట్టాలు పెట్టారు. నిద్రపోతున్నప్పుడే చేయాలన్నారు. యంత్రం తెర మీద గీతలు నడిచాయి. పరీక్ష చేసే అమ్మాయి ముఖంలో ఏమీ తెలియలేదు. కాగితం తీసి, మడిచి, నా చేతికిచ్చి, "రెండు చెవులూ బాగున్నాయి మేడమ్" అంది. మా అమ్మ ఆ కాగితం తీసుకుని కళ్లకు అద్దుకుంది.

సదానందం ఆ మాట విన్నాడు గానీ నమ్మలేదు. పాప నిద్ర లేచేదాకా ఆగాడు. సారిక నా భుజం మీద కళ్లు తెరిచింది. అతను ఆమె వెనక్కి వెళ్లి, కనబడకుండా గోడ పక్కన నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. బాయిలో వందమందిలో కేకేసే మనిషి అప్పుడు తనకే వినపడనంత మెల్లగా పిలిచాడు. రెండోసారి కాస్త గట్టిగా పిలిచాడు.

"సారికా..."

పాప తల ఊగుతూ, తడబడుతూ, మెల్లగా అటు తిరిగింది. నాయినను చూసి బోసినోటితో నవ్వింది.